చేపని నాలుగు నీళ్ళు కడిగితే మందు పోతుందా?

ఈసారి వరి గురించి కాదు, చేప గురించి. కానీ చివరికి వరి చేను దగ్గరికే వస్తాం, ఓపిగ్గా చదవండి.

"డ్రెయిన్లో పట్టిన కొరమీనైతే ఏంటి, ఉప్పు పసుపు వేసి నాలుగు నీళ్ళు కడిగాక ఇంకేం మిగులుద్ది?" అంటారు మా వైపు. కడిగితే పోయేది జిగురు, బురద, నీచు. మందు చేప పైన అంటుకుని ఉండదండీ, లోపల ఉంటుంది.

లోపలికి రెండు దారులు. ఒకటి మొప్పలు. నీళ్ళలో ప్రాణవాయువు చాలా తక్కువ. అందుకే చేప రాత్రింబవళ్ళు నీళ్ళు మొప్పల గుండా పోనిస్తూనే ఉండాలి. ఆ నీళ్ళలో కరిగినది కొంచెం కొంచెంగా రక్తంలోకి చేరుతుంది. రెండోది తిండి. నాచులో ఉన్నది పురుగులోకి, పురుగు నుంచి చిన్న చేపలోకి, దాన్ని మింగిన వాలుగలోకి. తిన్న తిండి అరిగి ఖర్చయిపోతుంది. అరగని విషం మాత్రం ఉండిపోతుంది. ఒక వాలుగ తన జీవితంలో ఎన్ని వేల చిన్న చేపలు తింటుందో లెక్కేసుకోండి.

అమెరికాలో కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే చెరువు సంగతి చెప్తాను. దోమలాంటి చిన్న పురుగుల బెడద పోవాలని 1949లో, మళ్ళీ 1954లో, 1957లో ఆ చెరువులో డీడీడీ అనే మందు కలిపారు. ఇది డీడీటీకి దగ్గరి చుట్టం. నీళ్ళలో పది లక్షల పాళ్ళకి 0.02 పాళ్ళే. ఇంత తక్కువైతే ఎవరికీ ఏం కాదనుకున్నారు. తర్వాత చేపలు తినే గ్రీబ్ అనే నీటిపక్షులు చచ్చిపోవడం మొదలైంది. కోసి చూస్తే వాటి కొవ్వులో 1600 పాళ్ళు! నీళ్ళలో ఉన్నదానికి 80 వేల రెట్లు. నీళ్ళు పరీక్ష చేసి బాగానే ఉన్నాయంటే చేప కూడా బాగున్నట్టు కాదని అక్కడ తేలింది.

అన్ని మందులూ ఒకటి కాదు, అది కూడా చెప్పాలి. ఇప్పుడు మనం కొట్టేవాటిలో చాలావరకు కొన్నాళ్ళకి విరిగిపోతాయి. వాటిలో కొన్ని చుక్క పడినా చేపలు తేలిపోతాయి, అది కంటికి కనిపించే నష్టం. చేపని చంపకుండా దాని కొవ్వులో కూర్చునేవి డీడీటీ, బీహెచ్‌సీ లాంటి పాత మందులు. బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు, ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఇలాంటివి వాడకం ఆగినా అడుగు బురదలో ఏళ్ళ తరబడి ఉంటాయి. కొవ్వులో ఉండేవి కాబట్టి తోలు, పొట్ట దగ్గరి కొవ్వు, తలకాయ తీసేస్తే కొంత తగ్గుతాయి.

పాదరసం అలా కాదు. అది కండకే పట్టుకుంటుంది. కోసినా, వేపినా, పులుసు పెట్టినా పోదు. జపాన్‌లో మినమాట ఊరి దగ్గర ఒక ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన నీళ్ళు సముద్రంలోకి వదిలింది. జబ్బు బయటపడింది 1956లో. పిల్లులు పిచ్చిగా గెంతి చచ్చాయి, మనుషులకి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. అన్నిటికన్నా ఘోరం ఏంటంటే, తల్లి పైకి బాగానే ఉంది, కడుపులో బిడ్డకి మాత్రం మెదడు దెబ్బతింది.

అందుకే ఈ మాట ముఖ్యంగా ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు ఉన్నవాళ్ళకి. పాలు పడతాయని సొరపుట్టు చేసి పెడతాం మనం. సొర వేటాడి తినే చేప, ఎక్కువ కాలం బతుకుతుంది. అమెరికాలో గర్భిణులని, పాలిచ్చే తల్లులని సొర తినొద్దనే చెప్తారు. మన పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోమనట్లేదు. చేప మానొద్దు, చేప మార్చండి. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు చాలా మంచి తిండి. వాటి ఆయుష్షు తక్కువ, పోగేసుకునేదీ తక్కువే. చెరువు చేపల్లో కూడా ఎప్పుడూ ఒకే నీళ్ళవి కాకుండా మార్చి తినండి. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే వాగులో పట్టినవి, ఎంత చవకైనా వద్దు.

ఇక మన వంతు. మన మడిలో నీళ్ళు బోదెలోకి, బోదె డ్రెయిన్లోకి, మా వైపు చాలా డ్రెయిన్లు కొల్లేట్లోకి. గుళికలు చల్లినా, మందు కొట్టినా డబ్బా మీద రాసినన్ని రోజులు తూము తీయొద్దు. వాన వచ్చే సూచన ఉంటే ఆ రోజు మందు ఆపండి. స్ప్రేయరు ట్యాంకు కాలవలో ముంచి కడగొద్దు, ఆ కడిగిన నీళ్ళు చేలోనే చల్లేయండి. ఖాళీ డబ్బా మూడుసార్లు తొలిచి, ఆ నీళ్ళు కూడా ట్యాంకులోనే పోసి కొట్టేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని.

కాలవలో మనం వదిలింది ఎక్కడికో కొట్టుకుపోదు. ఎవరో ఒకరి కంచంలోకే వస్తుంది. ఆ కంచం మనింటిదే కావచ్చు.