చెంబు పట్టిన చేతికో ముల్లు

మన ఇళ్లలో మొక్క మీద ప్రేమ చెంబుతోనే మొదలవుతుంది. పొద్దున్నే తులసికోటకో చెంబు, మల్లెపాదుకో చెంబు, అదే చేత్తో కిటికీలో కూర్చున్న కాక్టస్‌కూ కాసిని. తులసీ మల్లే కళకళలాడుతుంటాయి. కాక్టస్ మాత్రం కొన్నాళ్లకు ఓ పక్కకు ఒరిగిపోతుంది. ముట్టుకుంటే మొదలు దగ్గర మెత్తగా, గుజ్జుగా తగులుతుంది. ‘‘రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాంగా, ఎందుకు పోయిందో!’’ అని ఇంటిల్లిపాదీ విస్తుపోతారు. జవాబు ఆ మాటలోనే ఉంది.

‘‘అది ఎడారి మొక్కండీ’’ అని ఎవరో చెప్పగానే చెంబు పోయి చెంచా వస్తుంది. రోజుకో చెంచాడు. ఈ పొదుపుతోనూ సుఖం లేదు. పైమట్టి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, అడుగున వేళ్లకు చుక్క అందదు. పైన కుళ్లు, కింద కరువు.

అసలు ఎడారంటే వానే పడని చోటని మనకో అభిప్రాయం. అమెరికాలో అరిజోనా, మెక్సికోలో సొనోరా రాష్ట్రం మీదుగా పరుచుకున్న సొనోరన్ ఎడారిలో చాలా చోట్ల ఏటా రెండు వానకాలాలుంటాయి. ఎండాకాలంలో ఉరుములతో ఓసారి, చలికాలంలో నింపాదిగా ఓసారి. అక్కడి సగువారో కాక్టస్ 40 అడుగుల పొడవు పెరుగుతుంది గానీ, దాని వేళ్లలో ఎక్కువ భాగం నేలకు జానెడు లోతు కూడా దిగవు, చుట్టూ పాకుతాయి. వాన పడ్డప్పుడు దొరికినంతా తాగేస్తుంది. ఒంటి మీది మడతలు చీర కుచ్చిళ్లలా విచ్చుకుంటాయి. నీళ్లు ఖర్చయ్యేకొద్దీ మళ్లీ దగ్గరికి ముడుచుకుంటాయి. కొద్దికొద్దిగా రోజూ తాగే అలవాటు దాని వంశంలోనే లేదు.

కుండీలోని బుల్లి కాక్టస్‌కూ ఇదే వరస. పోసిన రోజు నిండుగా, అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా పోయాలి. పళ్లెంలో నిలిచినవి పారబోయాలి. ఆ తర్వాత మట్టి అడుగుదాకా ఎండేవరకు దాని జోలికి పోకూడదు. తక్కువ పోయడం కాదు, తక్కువ సార్లు పోయడం.

ఎండిందని తెలిసేదెలా? పైమట్టిని నమ్మొద్దు. కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అంచు పక్కగా అడుగుదాకా గుచ్చి, కాసేపుంచి తీయండి. పుల్లకు మట్టి అంటుకున్నా, చల్లగా తగిలినా ఇంకా వేళ కాలేదు. పొడిగా వస్తే పోయొచ్చు. నాలుగు రోజులు అలవాటైతే కుండీ ఎత్తి చూస్తే చాలు, బరువే చెబుతుంది. నర్సరీ నుంచి వచ్చిన కుండీలో కొబ్బరిపొట్టు ఎక్కువుంటే మరో చిక్కు. అది పూర్తిగా ఎండితే నీటిని పట్టుకోదు. పోసినదంతా అంచుల వెంట జారి బయటికి వచ్చేస్తుంది, మధ్యలో వేళ్లు పొడిపొడిగానే ఉంటాయి. అప్పుడు కుండీని నీళ్లున్న గిన్నెలో ఓ అరగంట కూర్చోబెట్టి తీయాలి. వీలైతే ఎర్రమట్టిలో ముతక ఇసుక, ఇటుకముక్కల నలుసు దండిగా కలిపి మట్టికుండీలోకి మార్చేయడం మేలు. మార్చాక ఓ వారం నీళ్లు పోయకుండా ఉంటే తెగిన వేళ్లు మానుతాయి.

ఇక ఏడాది లెక్క. విదేశీ పుస్తకాలన్నీ వేసవిలో ధారాళంగా, శీతాకాలంలో బంద్ అంటాయి. వాళ్ల వేసవి వేరు, మన రోహిణి కార్తె వేరు. కాక్టస్ పగలు ఒంటి రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. రాత్రిళ్లు కూడా ఉక్కపోస్తుంటే ఆ పని మందగిస్తుంది, చాలా రకాలు ఎదుగుదల ఆపి ఊరికే కూర్చుంటాయి. అందుకే మన దగ్గర వాటికి హుషారు కాలాలు రెండు: శివరాత్రి దాటాక ఎండలు ముదిరేదాకా ఒకటి, దసరా నుంచి చలి ముదిరేదాకా ఇంకొకటి. ఎండ బాగా తగిలే చిన్న కుండీకి అప్పుడు వారం పది రోజులకోసారి పడుతుంది. నడి వేసవిలో కుండీ త్వరగా ఎండుతుంది కాబట్టి నీళ్లు తప్పవు. అయితే పొద్దు వాలి, కుండీ చల్లారాకే పోయాలి. మిట్టమధ్యాహ్నం కాలిన కుండీలో పోస్తే వేళ్లు ఉడుకుతాయి.

మృగశిర దాటి ముసురు పట్టిందంటే అసలు గండం మొదలు. గాలిలో తేమ, ఎండ లేదు, మట్టి ఎంతకీ ఎండదు. కుండీని చూరు కిందికి జరిపి, పదిహేను ఇరవై రోజులకోసారి, అదీ పుల్ల ఒప్పుకుంటేనే. విశాఖలో సముద్రపు గాలికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే కాబట్టి, అక్కడివాళ్లు దసరా మాట మరిచి ఈ జాగ్రత్తలు కార్తీకంలో తీసుకోవాలి. హైదరాబాద్ చలిలో నెలకోసారి చాలు. చల్లటి మట్టి తడిగా ఉండటమే వేరుకుళ్లుకు తొలి మెట్టు. పైగా మామిల్లేరియా లాంటివి చలికాలం పొడిగా గడిపితేనే వసంతంలో బాగా పూస్తాయి.

నీళ్లలోనూ తేడాలున్నాయి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా పోతున్నాయని మొక్కలకు పోస్తుంటాం. ఉప్పంతా వాటిలోనే చేరుతుంది, కుండీ అంచున తెల్లగా పేరుకునేది అదే. వాననీళ్లు శ్రేష్ఠం. ఏసీ గొట్టంలోంచి కారేవాటిలోనూ లవణాలు ఉండవు.

ముళ్లున్నవన్నీ ఒకే బాపతనీ, కాక్టస్‌లన్నీ ఎడారివేననీ అనుకోవద్దు. గిల్లితే పాలు కారే జెముళ్లది వేరే కుటుంబం. మన పొలంగట్ల మీది నాగజెముడేమో నిఖార్సయిన కాక్టస్, అమెరికా ఖండాల నుంచి వచ్చి స్థిరపడింది. క్రిస్మస్ కాక్టస్ సొంతూరు బ్రెజిల్ అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ కాలం ఎండగట్టకూడదు. నెత్తిన ఎర్రబంతితో అమ్మే మూన్ కాక్టస్ అంటుకట్టిన జంట. ఎర్రదానికి పత్రహరితం లేదు, కింది ఆకుపచ్చ కాండమే దాన్ని పోషిస్తుంది. ఆ కాండం సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ బంధువుది, దానికి మరికాస్త దాహమెక్కువ.

మట్టి పూర్తిగా ఎండి మొక్క ముడుచుకుంటే కంగారు అక్కర్లేదు, దాహమేసిందంతే, నిండుగా ఓసారి పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. మొదలు గోధుమరంగుకు తిరిగితే స్పూను కాడతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే వయసు, మెత్తగా ఉంటే కుళ్లు. కుళ్లితే శుభ్రమైన కండ కనబడేదాకా పదునైన కత్తితో కోసి, పైభాగాన్ని వారం పది రోజులు నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో నిలబెడితే బతకొచ్చు.

సంక్రాంతికి ఊరెళ్తూ, తాళం పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి మొక్కల పని అప్పగిస్తాం. తులసికి రోజూ, మల్లెకు రెండ్రోజులకోసారి అని చెప్పే ముందు కాక్టస్‌ను మాత్రం తీసి లోపల గదిలో, వెలుతురొచ్చే కిటికీ దగ్గర పెట్టి తలుపేసి వెళ్లండి. ఆ చలిలో మీరు పది రోజులు లేకపోయినా దానికి వచ్చే నష్టం లేదు. దాన్ని చూసి పిన్నిగారికి జాలేస్తేనే ప్రమాదం.