చీటీల డబ్బా

బైలడిల్లా గనులలోని ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు దింపుటకై 1960వ దశాబ్దమున వేసిన రైలుమార్గము కొత్తవలస దాటిన పిమ్మట తూర్పుకనుమల నెక్కుటకు మొదలిడును. సొరంగము వెంట సొరంగము వచ్చును. ఒక సొరంగమునుండి వెలువడి లోయ యందమును చూచి సంతోషించునంతలో మరియొకటి బండిని మ్రింగును. బొర్రా, శిమిలిగుడ గడచిన పిమ్మట కొండలు కొంచెము ప్రక్కకు జరిగి అరకులోయకు చోటిచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యువకుడు ఆ బండి దిగి, ఆ లోయలోని వసతిపాఠశాల యొకదానిలో కంప్యూటరు ఉపాధ్యాయుడుగా చేరెను. అతడు మైదానమున పెరిగినవాడు. పైథాన్ అను ప్రోగ్రాముల భాషను ఎరిగినవాడు; ఎరుగుదునను నమ్మకము ఆ ఎరుకకంటె ఎక్కువగా కలవాడు.

పాఠశాలలో యంత్రములు కొన్నియే యుండెను. ఒక్కొక్కదాని ముందు నలుగురేసి పిల్లలు కూర్చుండెడివారు. ఇంటర్నెట్టు వచ్చిన వచ్చినట్లు, లేకున్న లేనట్లు. అయినను పైథానుకు దానితో పని లేదు. ఒక్కసారి యంత్రములో పెట్టుకొనిన చాలును; దానిని వాడుకొనుటకు ఎవరికిని వెల చెల్లింపనక్కరలేదు. కష్టము యంత్రములవలన గాక మాటలవలన వచ్చెను. పిల్లలలో కొందరు ఇంటివద్ద కువి మాటలాడుదురు, కొందరు ఆదివాసీ ఒడియా మాటలాడుదురు. పాఠ్యపుస్తకము తెలుగు. తెరపై కనబడునది ఆంగ్లము. ఒక్క సంగతి వారి మనస్సునకు చేరుటకు మూడు వాగులు దాటవలసియుండెను.

మొదటి దినముననే ఒక బాలుడు లేచి అడిగెను: “పైథాన్ అనగా కొండచిలువ యని చదివితిమి. ఈ భాషకు కొండచిలువ పేరు ఎందుకు పెట్టినారు, మాస్టారూ?”

ఉపాధ్యాయుడు నవ్వెను. “భయపడకు నాయనా, ఇది కరవదు” అనెను. తరగతి యంతయు గొల్లుమనెను. పట్టణపు పిల్లవానికి కొండచిలువ జంతుప్రదర్శనశాలలో అద్దము వెనుక పండుకొని యుండు వింత. కొండలలో పుట్టిన పిల్లవానికి అది కోళ్ళను, మేకపిల్లలను మ్రింగిపోవు ప్రాణి. పెద్దలు పేరెత్తి జాగ్రత్త చెప్పు ప్రాణి. అతడు వేళాకోళమునకు అడుగలేదు. తెలిసికొనుటకే అడిగెను. నవ్వు సద్దుమణగక మునుపే అతడు కూర్చుండెను. మరునాటినుండి అతని చోటు చివరి బల్ల. తక్కిన ముగ్గురు యంత్రముతో పనిచేయుచుండగా అతడు చేతులు ఒడిలో పెట్టుకొని చూచుచుండెను.

ఉపాధ్యాయుడు ఈ సంగతిని రెండు మాసముల వరకు గమనింపలేదు. పరీక్షపత్రములు దిద్దునప్పుడు ఒక పత్రములో పేరు తప్ప మరేమియు లేకుండుట చూచి, ఆ ముఖమును జ్ఞప్తికి తెచ్చుకొనెను. ఆనాటి నవ్వు కూడ జ్ఞప్తికి వచ్చెను. దానితోపాటు మరియొకటి తట్టెను: ఆ ప్రశ్నకు ఉత్తరము తనకును తెలియదు. తెలియకపోవుటను కప్పిపుచ్చుకొనుటకే తాను నవ్వెను.

ఆ రాత్రియే అతడు ఆ విషయమును వెదకి చదివెను. హాలండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని గణితపరిశోధనాలయములో పనిచేయుచుండిన గైడో వాన్ రోసమ్ అను నతడు 1989వ సంవత్సరము డిసెంబరు మాసమున క్రిస్మసు సెలవులలో ఈ భాషను కల్పించుటకు పూనుకొనెను. 1991లో దానిని లోకమునకు విడుదల చేసెను. బ్రిటిషువారి బీబీసీ టెలివిజనులో ‘మాంటీ పైథాన్’ అను హాస్యబృందము యొక్క ప్రదర్శనలు ప్రసిద్ధములై యుండెను. గైడోకు అవి ప్రియములు. ఆ పేరులోని చివరి మాటనే తన భాషకు పెట్టెను. కాబట్టి పేరు పామునుండి రాలేదు. తరువాతి కాలమున ఈ భాషకు గుర్తుగా వేసిన బొమ్మలో మాత్రము రెండు పాములు చేరినవి. బాలుని ప్రశ్నలో తప్పేమియు లేదు. నిజమునకు అది మొదటి దినమున అడుగదగిన చక్కని ప్రశ్న.

మరునాడు ఉపాధ్యాయుడు ఈ కథను తరగతికి చెప్పి, “ఆ దినమున నాకు తెలియకయే నవ్వితిని; అట్లు నవ్వవలసినది కాదు” అనెను. చివరి బల్లమీది తల పైకెత్తబడలేదు. ఒక్క నవ్వుతో మూతపడిన నోరు ఒక్క మాటతో తెరచుకొనునని అతడు ఆశించెను కాబోలు.

అటుపిమ్మట అతడు ఖాళీ బిస్కెట్టు డబ్బా నొకదానిని తెచ్చి, మూతకు గాటు పెట్టి, వరండా స్తంభమునకు వ్రేలాడగట్టెను. ప్రశ్నలు చీటీపై వ్రాసి అందులో వేయవలయును. పేరు వ్రాయనక్కరలేదు. మూడు సంగతులు మాత్రము వ్రాయవలయును: ఏమి చేసితివి, ఏమి జరుగునని తలచితివి, ఏమి జరిగినది. ప్రతి సాయంకాలమును పిల్లల నందరిని చుట్టును కూర్చుండబెట్టుకొని డబ్బా తెరచి ఉత్తరములు చెప్పెదనని అతడు మాట యిచ్చెను. వర్షాకాలమున కొండలలో సాయంకాలపు విద్యుత్తును నమ్మరాదు. తరచుగా యంత్రములు నిద్రించుచుండగా నల్లబల్లయు సుద్దముక్కయు పనిచేసెడివి. మొదటి వారమున వచ్చిన ఐదు చీటీలలో మూడు దసరా సెలవులు ఎన్నడని అడిగినవి.

నాలుగవ చీటీ ఒక బాలిక వ్రాసినది. ఆమె తల్లిదండ్రులకు వెండిఓకు చెట్ల నీడన కొంత కాఫీతోట కలదు. ఆ చెట్లపై మిరియపుతీగలు ప్రాకియుండును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ అట్టి చిన్నచిన్న తోటలలోనిదే. చీటీలో నిట్లుండెను: “అమ్మ మొదటినాడు 12 కిలోల పండ్లు కోసెను. రెండవనాడు 15 కిలోలు కోసెను. రెండును అడిగి తీసికొని కూడుమని యంత్రమునకు చెప్పితిని. 27 వచ్చునని తలచితిని. 1215 వచ్చినది. అన్ని పండ్లు మా తోటలోనే లేవు.”

‘ఇన్‌పుట్ ఇచ్చునది స్ట్రింగు, దానిని ఇంటిజరుగా మార్చవలయును’ అను ఉత్తరము ఉపాధ్యాయుని నాలుక చివరకు వచ్చెను. అది సత్యమే, కాని అది ఇదివరకే తెలిసినవానికి మాత్రమే అర్థమగు సత్యము. అతడు ఆగి, రెండు కాగితపు ముక్కలు తీసికొని, ఒకదానిపై 12, మరియొకదానిపై 15 వ్రాసి, వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుమనెను. బాలిక “పండ్రెండు వందల పదునైదు” అని చదివి, తానే నాలుక కరచుకొనెను.

“తల్లీ, నీవు కీబోర్డుపై కొట్టినది సంఖ్య కాదు, సంఖ్యయొక్క వ్రాత. బస్తాలకు కట్టిన చీటీలను ఒకదాని ప్రక్క ఒకటి అతికించినంత మాత్రమున బస్తాలలోని పండ్లు కలిసిపోవునా? ‘ఇంట్’ అను ఆజ్ఞ ఆ చీటీని చదివి అందులోని సంఖ్యను తీయును. అటుపిమ్మట కూడినచో 27 వచ్చును.”

ఆమె అంతటితో విడువలేదు. పన్నెండున్నర కిలోలైనచో నేమని అడిగెను. 12.5 అను వ్రాతను ‘ఇంట్’ అంగీకరింపదు. దానికి ‘ఫ్లోట్’ అను మరియొక ఆజ్ఞ కావలయును. వ్రాతగానున్న 12ను 3తో గుణింపుమనిన 121212 వచ్చుననియు ఆమె తానే కనుగొని, ఇంటికి వెళ్ళినప్పుడు తల్లికి చూపెదనని ఆ అంకెలను కాగితముపై ఎక్కించుకొనెను.

యంత్రములు మేల్కొనియున్న దినములలో ఉపాధ్యాయునికి వేరొక కష్టము కలిగెడిది. పిల్లవాడు తడుమాడుచుండగా చూచుచు ఊరకుండుట సులభము కాదు. చేయి చాచి రెండు మీటలు నొక్కిన తప్పు పోవును. కాని పిల్లవానికి మిగులునది మాస్టారి చేతివేగము మాత్రమే. అందుచేత అతడు చేతులు వెనుకకు కట్టుకొని నిలువబడుట అలవరచుకొనెను. తెరపై తప్పు కనబడినప్పుడు ఆ ఆంగ్లమంతయు చదువనక్కరలేదనియు, చిట్టచివరి పంక్తిని ముందుగా చదువవలయుననియు నేర్పెను. తప్పు ఏ జాతిదో పైథాన్ అచ్చటనే చెప్పును.

పంక్తుల ముందు విడుచు ఖాళీలు మరియొక చిక్కు. “ఒక్క ఖాళీ ఎక్కువైనచో యంత్రమునకు వచ్చిన నష్టమేమి?” అని ఒక చీటీ కొంత కోపముతోనే అడిగెను. అరకులోయలో ఈ ప్రశ్నకు ఉత్తరము కిటికీ అవతల నుండును. వాగుల వెంబడి మెట్లుమెట్లుగా తీర్చిన వరిమళ్ళు అచ్చట సాధారణము. ఒక మెట్టునందలి నీరు ఆ మెట్టునందే సమముగా నిలుచును. గట్టు వంకరయైనచో నీరు జారిపోవును. పైథానులోను ఒకే లోతున నున్న పంక్తులు ఒక మడిలోనివి. ‘ఈ పని పదిసార్లు చేయుము’ అను పంక్తి క్రింద ఏ పంక్తులు చేరునో, ఏవి బయటివో, ఆ ఖాళీలే నిర్ణయించును. ఈ పద్ధతి పైథానుకు పూర్వమే అదే పరిశోధనాలయములో కొత్తగా నేర్చువారికై నిర్మింపబడిన ఏబీసీ అను భాషనుండి వచ్చినది. ఇద్దరు బాలురు ఒక పంక్తికి ఖాళీమీటను, మరియొక పంక్తికి ట్యాబు మీటను వాడి, కంటికి సమముగానే కనబడుచున్న తప్పును వెదకుచు ఒక గంట పోగొట్టుకొనిరి.

1 నుండి 10 వరకు అనిన 9 వద్దనే ఏల ఆగునను ప్రశ్నకు, పది గట్టు, పొలము గట్టునకు ఇవతలనే ముగియునని చెప్పిన సరిపోయెను. 0.1ని 0.2తో కూడినచో 0.30000000000000004 వచ్చినదేమను చీటీకి మాత్రము మూడు దినములు పట్టెను. మూడవవంతును దశాంశములలో వ్రాయబోయిన 3 వెంట 3 వచ్చుటయే కాని ముగింపు లేనట్లు, రెండింటి లెక్కలో పదవవంతునకు ముగింపు లేదు. యంత్రము ఒకచోట కోసివేయును. ఆ కోతయే చివరి 4. తెలియని దినమున నల్లబల్లపై ‘తెలియదు, చూచి చెప్పెదను’ అని వ్రాయుట అప్పటినుండి మొదలయ్యెను.

ఈ కొండల వరుసలోనే, మరికొంత ఉత్తరమున, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఉపాధ్యాయుడుగా నుండెను. సవరలకు చదువు చెప్పవలెనని తలచి ఆయన ముందుగా తానే సవరభాష నేర్చుకొనెను. సవరలకు పాఠశాలలు పెట్టెను. 1931లో ఆ భాషకు వ్యాకరణము ప్రకటించెను. 2004లో ఆంధ్రప్రదేశమున కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర మొదలగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికవిద్య ప్రారంభమయ్యెను. కంప్యూటరు ఉపాధ్యాయుడు అంత పని చేయలేదు. అయినను పిల్లలవద్ద కొన్ని మాటలు నేర్చెను. పైథాన్ తనకై ప్రత్యేకించుకొనిన ఆంగ్లపు మాటలు 35 మాత్రమే. పిల్లలు తమ ప్రోగ్రాములలో వస్తువులకు పెట్టుకొను పేర్లు ఏ భాషవైనను కావచ్చును. 2008నాటి మూడవ పైథాన్ మొదలుకొని ఆ పేర్లను తెలుగులిపిలోనే వ్రాయవచ్చును. కాఫీతోట బాలిక తన సంఖ్యకు ‘బస్తాలు’ అని పేరు పెట్టుకొనెను. మరియొకడు కువి మాట నొకదానిని తెలుగక్షరములలో వ్రాసిచూచెను. యంత్రము మారుమాటాడక పుచ్చుకొనెను.

మార్గశిరమాసపు చలిలో ఒక సాయంకాలము డబ్బాలో ఈ చీటీ కనబడెను: “అరకు అను పేరులో ఎన్ని యక్షరములని అడిగితిని. మూడని తలచితిని. నాలుగనినది. తప్పు యంత్రముదా, మాదా?” ఉపాధ్యాయుడు ఆ చేవ్రాలును గుర్తించెను. పేరు తప్ప మరేమియు లేని ఆ పరీక్షపత్రమును అతడు అంత త్వరగా మరచువాడు కాడు. చీటీ చదువునప్పుడు చివరి బల్లవైపు చూడకుండుటకు అతడు పడిన ప్రయాస పిల్లలకు తెలిసియుండదు.

అతడు బల్లపై ‘అ’, ‘ర’, ‘క’ వ్రాసి, కొమ్మును వేరుగా నాలుగవ చోట వ్రాసెను. లోకములోని లిపుల గుర్తులకు యూనికోడు అను పట్టికలో సంఖ్యలు కేటాయింపబడినవి. అందులో ‘అ’ 3077, ‘ర’ 3120, ‘క’ 3093; కొమ్మునకు వేరుగా 3137. పైథాన్ లెక్కించునది ఈ గుర్తులను. మనుష్యుడు లెక్కించునది పలుకు అక్షరములను. ‘కాఫీ’ మనుష్యునికి రెండక్షరములు, యంత్రమునకు నాలుగు గుర్తులు. “తప్పు ఇద్దరిదియు కాదు. లెక్కించు వస్తువు వేరు” అని అతడు ముగించెను.

అప్పుడు చివరి బల్లనుండి ఒక గొంతు వినబడెను. “అట్లయినచో, మాస్టారూ, పేరును వెనుకనుండి చదువుమనిన కొమ్ము ముందు రావలయును గదా?”

ఉపాధ్యాయునికి అది ఎన్నడును తోచలేదు. ఆ సాయంకాలము విద్యుత్తు ఉండెను. “నీవే చూడు నాయనా” అని చోటు విడిచెను. బాలుడు వచ్చి, ఒక్కొక్క మీటను వెదకుచు నొక్కెను. తెరపై అక్షరములు తలక్రిందులయ్యెను. ఏ యక్షరమును ఆనుకొనక కొమ్ము ఒంటరిగా ముందు నిలిచెను. తరగతి గొల్లుమనెను. బాలుడును నవ్వెను.

వేసవి సెలవులకు ముందొకనాడు ఉపాధ్యాయుడు వరండాకు ఆలస్యముగా వచ్చెను. డబ్బా అప్పటికే తెరచియుండెను. ఆరవతరగతి పిల్లవాడొకడు, తప్పు కొట్టినచో యంత్రము చెడిపోవునేమో యని అడిగిన చీటీ బల్లమీద నుండెను. చివరి బల్లవాడు వానిని యంత్రము ముందు కూర్చుండబెట్టుకొని ఆదివాసీ ఒడియాలో ఏదో చెప్పుచుండెను. ఉపాధ్యాయునికి సగము తెలిసెను, సగము తెలియలేదు. అతడు చేతులు వెనుకకు కట్టుకొని గుమ్మమువద్దనే నిలిచెను. పెద్దవాడు కావలెననియే ఒక తప్పుపంక్తి కొట్టి మీట నొక్కెను. తెరపై ఎఱ్ఱని అక్షరములు వచ్చెను. ఏమియు పగులలేదు, పొగ రాలేదు. చిన్నవాడు కొంతసేపు చూచి, చొక్కాకు వ్రేలు తుడుచుకొని, తానొక తప్పు కొట్టెను.