ఇస్నాపూర్‌లో వినిపించే బిదేసియా

ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటితే ఇస్నాపూర్ చౌరస్తా వస్తుంది. అక్కణ్నుంచే పాశమైలారం పారిశ్రామికవాడకు దారి. సాయంత్రం షిఫ్టు వదిలాక షేర్ ఆటోల దగ్గర కాసేపు నిలబడండి. తెలుగుతో పాటు హిందీ, ఒడియా, భోజ్‌పురి చెవిన పడతాయి. చీకటి పడితే రేకుల గదుల్లోంచి ఫోన్ పాటలు మొదలవుతాయి. ముందు డీజే దరువులు. పొద్దుపోయేకొద్దీ పాత విరహ గీతాలు.

ఆ విరహానికి పెద్దదిక్కు భిఖారీ ఠాకూర్. 1887లో బీహార్‌లోని సారణ్ ప్రాంతంలో మంగలి కుటుంబంలో పుట్టాడు. పొట్టకూటికి ఖరగ్‌పూర్ వెళ్లి, తిరిగొచ్చి నాటక బృందం కట్టాడు. ఆయన 'బిదేసియా' నాటకంలో మొగుడు పని కోసం కలకత్తా వెళ్లి, అక్కడ ఇంకొకామెతో ఉండిపోతాడు. ఊళ్లో భార్య దారినపోయే బాటసారి చేత కబురు పంపుతుంది. ఆమె వేషం కట్టేదీ మగవాళ్లే.

ఇటలీలోని నేపుల్స్ రేవు నుంచి కూడా ఎంతోమంది అమెరికా ఓడలెక్కారు. వాళ్ల బెంగ మీద ఈ.ఏ. మారియో 1919లో 'శాంతా లూచియా లున్‌తానా' రాశాడు. అందులో బెంగ వెళ్లినవాడిది. బిదేసియాలో బెంగ ఇంట్లో మిగిలిన ఆడమనిషిది. ఇస్నాపూర్ గదిలో దాన్ని వింటున్నది మాత్రం వెళ్లినవాడే!

మనకూ ఇది కొత్తేం కాదు. మా నాన్న దుబాయ్‌లో ఉన్న రోజుల్లో అమ్మ క్యాసెట్‌లో మాటలు నింపి, అటు వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేదట. ఇప్పుడు వీడియో కాల్ ఉంది కదా, ఇంకా ఈ పాటలెందుకు అని ఒక ఛప్రా కుర్రాణ్ని అడిగాను. నవ్వాడు. "గదిలో ఐదుగురం ఉంటాం భయ్యా. ఫోన్లో తిన్నావా, పైసలు అందాయా అని అడుగుతాం, అంతే" అన్నాడు.

నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందన్న మాట నలుగురి మధ్య ఆమె అనలేదు, అతను అడగలేడు. ఆ ఒక్క మాటా పాట చెప్తుంది. ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

దీపావళి దాటాక ఛఠ్ పండక్కి చాలామంది సికింద్రాబాద్‌లో దానాపూర్ రైలెక్కుతారు. ఒక రోజుకు పైనే ప్రయాణం. సెలవు దొరకనివాళ్ల గదుల్లో ఆ వారం పాట సౌండు కొంచెం ఎక్కువే ఉంటుంది.