గొంతు సరే, మాట సంగతి చూడండి

ఏం వదినా, బట్టలారేయడం అయిందా? అయితే ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రండి. నిన్న సాయంత్రం మీ అమ్మాయి మా ఇంటికొచ్చింది. రేడియోలో మాట్లాడాలని ఉందట. మీతో అంటే, "నీ పల్నాడు యాస విన్నారంటే గేటు దగ్గర్నుంచే పంపేస్తారు" అన్నారట కదా! అట్లా అనకండి వదినా. విజయవాడ పున్నమ్మతోటలో మన ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేసినదాన్ని, తెలిసే చెబుతున్నా.

యాస వేరు, ఉచ్చారణ వేరు. శ, ష, స మూడూ ఒక్కలాగే పలికినా, ఒత్తులు మింగేసినా దిద్దుకోవాల్సిందే. ఆడిషన్‌లో ముందు పట్టుకునేవి అవే. యాస అట్లా కాదు, అది మనిషి ఊరు. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో రతన్ ప్రసాద్ గారు తెలంగాణ యాసలో చిన్నక్కగా మాట్లాడేవారు. చివరికి జనానికి ఆవిడ రేడియో చిన్నక్కే అయిపోయారు. యాస అడ్డమైతే అంత పేరెట్లా వస్తుంది?

ఇంకోటి, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో సంగతి వినండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008 అక్టోబర్ 15న మొదలుపెట్టాయి. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు. రికార్డింగూ వాళ్లదే, ఎడిటింగూ వాళ్లదే, మాటా వాళ్లదే. విత్తనాల గురించీ, చిరుధాన్యాల గురించీ, పండగల గురించీ ఊళ్లో ఆడవాళ్లు మాట్లాడుకునే భాషలోనే చెప్పారు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిందే, ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి ఈ రేడియోని ప్రారంభించారు. ప్రజల ఆస్తి అన్నాక మీ అమ్మాయి మాటకి మాత్రం అందులో చోటుండదా?

"మరి మొదలెక్కడ?" అంటారేమో. ముందు యువవాణి. పదిహేనేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు పిల్లల కోసమే ఆకాశవాణి పెట్టిన కార్యక్రమం అది. కేంద్రానికి వెళ్లి అడగమనండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. డిగ్రీ అయ్యాక క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన వేసినప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాత పరీక్ష ఉంటుంది, గొంతు పరీక్ష ఉంటుంది. నెగ్గినవాళ్లకి వాణి సర్టిఫికెట్ కోర్సని శిక్షణ ఇస్తారు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి, అది నెల జీతం ఉద్యోగం కాదు. డ్యూటీ చేసిన రోజుకే డబ్బు. అందుకని పక్కన చదువో ఇంకో పనో ఉండాల్సిందే.

స్టూడియోలో మాట్లాడటం సగం పనే వదినా. ఎదురుగా కార్యక్రమాల వరస రాసిన క్యూషీటు, చేతికింద శబ్దం పెంచి తగ్గించే ఫేడరు, కళ్లముందు గడియారం. పాట అయిపోయేలోపు తర్వాతి కార్యక్రమం సిద్ధంగా ఉండాలి. మైక్‌కి జానెడు దూరంలో, మొహం కాస్త పక్కకి పెట్టుకుని కూర్చోవాలి. తిన్నగా ఎదురుగా కూర్చుంటే ప, భ పలికినప్పుడల్లా గాలి మైక్‌ని కొడుతుంది. కాగితాలకి పిన్ను తీసేసి ఒక్కొక్కటీ చప్పుడు కాకుండా పక్కకి జరపాలి. ఇవన్నీ కూర్చోబెట్టి నేర్పితే వచ్చేవే.

నేర్పితే రానిది ఒకటుంది, అది తన సొంత మాట. ఎఫ్‌ఎంలో ఎవరో గలగలా మాట్లాడుతుంటే పిల్లలు ఆ గొంతే తెచ్చిపెట్టుకుంటున్నారు. మీ అమ్మాయి కూడా నాకు చదివి వినిపించినప్పుడు అట్లాగే చదివింది. "అమ్మా, ఇది నువ్వు కాదు" అన్నాను. వినేవాళ్లు లక్షమంది ఉండనీయండి, ఎవరికి వాళ్లు ఒక్కళ్లే వింటారు. వంటింట్లో ఒకావిడ, లారీలో ఒక డ్రైవరు, మంచంలో ఉన్న ఒక పెద్దాయన. ఆ ఒక్కరితో మాట్లాడటం రావాలి. లోకాన్నంతా ఉద్దేశించి మాట్లాడితే ఎవరికీ తగలదు.

అందుకే మీ అమ్మాయికి పని చెప్పి పంపాను. పొద్దున్నే పేపర్లో ఒక వార్త పైకి చదవాలి. తర్వాత అదే వార్త పేపర్ చూడకుండా తన మాటల్లో చెప్పాలి. రెండూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. మన రైతుబజారు గురించో, వీధి చివర టైలర్ గురించో రోజూ అరపేజీ రాయాలి. వాక్యాలు చిన్నవిగా ఉండాలి, ఒక్క ఊపిరికి ఒక్క వాక్యం. మంచి గొంతున్నవాళ్లు చాలామంది వస్తారు వదినా, చెప్పడానికి సంగతి ఉన్నవాళ్లే నిలబడతారు.

మీరు చేయాల్సింది ఒక్కటే. రేపట్నుంచి అది చదివేటప్పుడు పావుగంట ఎదురుగా కూర్చోండి. బాగుంది, బాలేదు అనొద్దు. అర్థం కానిచోట మాత్రం ఆపి అడగండి. దానికి మొదటి శ్రోత మీరే కావాలి.