రాటన్ కనుమ కింద పెట్రోలు వాసన

డాలస్ నుంచి కొలరాడో వెళ్లే తెలుగువాళ్లకి 287 రోడ్డు కొత్తేం కాదు. విచిటా ఫాల్స్ నుంచి అమరిల్లో దాకా చూడటానికి పత్తి చేలు, గాలిమరలు. మాట్లాడుకోవడానికి వీసాలు, ఇళ్ల ధరలు. ఈసారి మాకు కారే కబురైంది. పెట్రోలు పోసుకున్న ప్రతిసారీ స్టార్టవడానికి మొరాయించేది. యాక్సిలరేటర్ తొక్కిపడితే గానీ అందుకునేది కాదు, పైగా గుప్పున పెట్రోలు వాసన. అదే కాఫీకి ఆగి బయల్దేరితే ఏ పేచీ లేదు. డాల్‌హార్ట్ దాటేసరికి చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది.

ఫోన్‌లో ఎవరిని అడిగినా ఒకటే మందు: ట్యాంకు మూత గట్టిగా బిగించు. మూత వదులైతే ఆ లైటు వెలిగే మాట నిజమే. కానీ వదులు మూత బండిని స్టార్టవకుండా ఆపదు కదా! అసలు గుట్టు ‘పెట్రోలు పోశాకే’ అన్నచోట ఉందని నాకు అనుమానం.

మా బామ్మర్ది దగ్గర కోడ్ రీడర్ ఉంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలు కారుకీ స్టీరింగ్ కింద దానికో సాకెట్ ఉంటుంది. పెడితే పి0496 అని వచ్చింది. వద్దన్నప్పుడు కూడా ఇంధన ఆవిరి ఇంజిన్‌లోకి పోతోందని దానర్థం. ఏ పార్టు పోయిందన్నది మనమే తేల్చుకోవాలి.

ట్యాంకులో పుట్టే ఆవిరి గాల్లో కలవకుండా బొగ్గు గింజలున్న క్యానిస్టర్ పీల్చి దాచిపెడుతుంది. ఇంజిన్ వేడెక్కాక కంప్యూటర్ చెప్పినప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే, ఆ ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. ఆ వాల్వు మూసుకోకపోతే? పెట్రోలు పోయగానే ట్యాంకు నిండా లేచిన ఆవిరంతా స్టార్ట్ చేసేటప్పుడే ఇంజిన్‌కి పట్టేస్తుంది. గాలి చాలక అది ఉక్కిరిబిక్కిరవుతుంది.

న్యూమెక్సికోలో క్లేటన్ అనే చిన్న ఊళ్లో బానెట్ ఎత్తాం. ఇంజిన్ నడుస్తుండగానే, క్యానిస్టర్ వైపు నుంచి వాల్వుకి వచ్చే గొట్టం ఊడదీసి, వాల్వు మూతి మీద వేలు పెట్టమని బామ్మర్దికి చెప్పాను.

“బావా, లాగేస్తోంది!” అన్నాడు.

వాల్వు వైరు పీకేశాను. కరెంటు లేకపోతే అది మూసుకుపోవాలి. అయినా వేలు లాగుతూనే ఉంది. అంటే తప్పు వైర్లదీ కాదు, కంప్యూటర్‌దీ కాదు. వాల్వే తెరుచుకుని ఇరుక్కుపోయింది.

7,800 అడుగుల పైనున్న రాటన్ కనుమ ఎక్కుతుంటే నాకు కొండల మీద ధ్యాసే లేదు. ఎత్తుకి పోయేకొద్దీ పెట్రోలు ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపకూడదని ఫొటోలకి కూడా దిగలేదు; మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటుంది.

కనుమ దిగగానే ట్రినిడాడ్. అక్కడి మెకానిక్ పెద్దాయన ఒకరు వాల్వు ఊడదీసి తెల్లకాగితం మీద తట్టారు. ఆవగింజలంత నల్లటి రవ్వలు రాలాయి. క్యానిస్టర్‌లోని బొగ్గు! “పంపు క్లిక్‌మన్నాక కూడా పోస్తారా?” అని అడిగారు. మా బామ్మర్ది కొండలకేసి చూశాడు. రౌండ్ ఫిగర్ వచ్చేదాకా నొక్కడం వాడికి వ్యసనం. అలా పైదాకా నింపితే ఆవిరి వెళ్లాల్సిన దారిలో పెట్రోలే క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గుని పాడుచేస్తుంది. పాతబడినా బొగ్గు రాలుతుంది, నేరమంతా వాడిదే అనలేను. అయినా దారంతా అన్నాను.

గొట్టం ఊది శుభ్రం చేసి, కొత్త వాల్వు బిగించడానికి ఆయనకి అరగంట కూడా పట్టలేదు. క్యానిస్టర్ మాత్రం ఆ ఊళ్లో దొరకలేదు. అది మార్చకపోతే రవ్వలు మళ్లీ వచ్చి కొత్త వాల్వునీ తినేస్తాయని ఆయన హెచ్చరించారు. రాత్రి కొలరాడో స్ప్రింగ్స్ హోటల్ నుంచే, మేం ఇంటికి చేరేలోగా వచ్చేలా దాన్ని ఆర్డర్ పెట్టాను. డబ్బులు బామ్మర్దే కట్టాడు.