పొటాష్ సంచిలో బీటా కణాలు

మా వనపర్తి దిక్కు పల్లిచేనుకు చల్లే ఎర్ర పొటాష్ కూడా బీటా కణాలు విడుస్తుందని చెబితే నాయిన నవ్వి, “మరి ఇన్నేండ్లు చేతులతోనే చల్లినం గదరా!” అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. పొటాషియంలో ప్రతి పదివేల పరమాణువులలో సుమారు ఒకటి పొటాషియం-40. గైగర్ కౌంటరు కింద గుప్పెడు పొటాష్ పెడితే, ఉత్త బల్ల మీద వచ్చే లెక్కకంటే ఎక్కువే వస్తుంది. ఆ ఉత్త లెక్కను ముందే తీసి మినహాయించాలి. ఓపిక అక్కడే కావాలి. మధ్యన అల్యూమినియం రేకులు పేర్చుకుంటూ పోతే రెండు మూడు మిల్లీమీటర్లకే ఆ బీటా ఆగిపోతుంది. నిజానికి డెబ్బై కిలోల మనిషి ఒంట్లోనే పొటాషియం-40 సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నమవుతూ ఉంటుంది! నాయిన చేతికి తగిలింది స్వల్పం. కౌంటరు ఎన్ని కణాలో చెబుతుంది గాని, ఎంత కీడో చెప్పదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణపై జనం భయపడ్డారు. వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానించింది. అటువైపున్న మా మేనత్త మాత్రం ఇప్పటికీ, “ఆ మిషను తెచ్చి మా బోరు నీళ్లు చూడరాదురా?” అంటుంది.

తెచ్చినా లాభం లేదత్తా! యురేనియం విడిచే ఆల్ఫా కణాలు నీళ్లలోనే ఆగిపోతాయి. పైగా మూత్రపిండాలకు అది చేసే కీడు ముఖ్యంగా రసాయనికం. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటిందా అన్నది నీటి పరీక్షలోనే తేలాలి. వచ్చే ఆదివారం కడిగిన సీసా పట్టుకొని వస్తున్నాను.