చర్చిల్ రైల్లో నేను నేర్చుకున్నది



సెలవుల తర్వాత స్కూల్ తెరవగానే పిల్లలకు మేం ఇచ్చే మొదటి వ్యాసం మీకు తెలిసిందే: "హౌ ఐ స్పెంట్ మై సమ్మర్ వెకేషన్". ఈసారి మా ఐదో తరగతి పిల్లలు ఒక షరతు పెట్టారు. "టీచర్, మీరు కూడా రాయాలి!" అన్నారు. నేనూ ఒక పేజీ ఇంగ్లీష్‌లో రాసి చదివి వినిపించాను. అందులో రాయని సంగతి ఒకటి మిగిలిపోయింది. అది పిల్లల కంటే ముందు మీకు చెప్పాల్సింది. అందుకే ఈ నెల తెలుగు పేజీలు అడిగి తీసుకున్నాను.

మా అక్కా బావా కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఉంటారు. అక్కకు రెండో కాన్పు అని అమ్మ పోయిన డిసెంబర్‌లోనే అక్కడికి వెళ్లింది. తిరుగు ప్రయాణంలో అమ్మను వెంటబెట్టుకుని రావడానికి మే నెలలో నేను బయల్దేరాను. బాలింతకు పథ్యం వండటం, పసివాడికి నీళ్లు పోయడంతోనే అమ్మకు పొద్దు గడిచిపోయింది. ఆవిడ చూసిన కెనడా అంతా వంటింటి కిటికీలోంచే. "అత్తయ్యా, ఇంత దూరం వచ్చి దేశం చూడకుండా వెళ్తారా?" అని బావ మా ఇద్దరికీ చర్చిల్ వెళ్లే రైలుకు టికెట్లు కొన్నాడు.

చర్చిల్ హడ్సన్ అఖాతం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. వెయ్యి మంది కూడా ఉండరు. ఆ ఊరికి రోడ్డు లేదు. విమానంలో వెళ్లాలి, లేదంటే రైల్లో. విన్నిపెగ్ నుంచి దాదాపు 1,700 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి కూడా ఇంచుమించు అంతే దూరం. కానీ ఈ రైలుకు రెండు రాత్రులు పడుతుంది.

కెనడా గురించి మనం పిల్లలకు ఒక మార్కు బిట్టు చెప్తాం. విస్తీర్ణంలో ప్రపంచంలో రెండో పెద్ద దేశం, దాదాపు 99.8 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి మూడు రెట్లు. జనాభా మాత్రం నాలుగు కోట్ల పైచిలుకు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లలో సగం. ఈ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. వాటి అర్థం మాత్రం రైలెక్కాకే తెలిసింది.

మొదటి రోజు సాయంత్రమంతా రైలు దుక్కి దున్నిన పొలాల మధ్య నడిచింది. మర్నాడు పొద్దున్నుంచి అడవి మొదలైంది. చెట్లు, ఒక చెరువు, మళ్లీ చెట్లు, మళ్లీ చెరువు. మన రైళ్లలో పది నిమిషాలకో ఊరు, ఒక గుడి గోపురం, గట్టు మీద నిలబడి చేతులూపే పిల్లలు కనిపిస్తారు. ఇక్కడ గంటల తరబడి ఒక్క ఇల్లు కూడా కనిపించలేదు. "ఇంత నేల పెట్టుకుని ఎవరూ ఉండరేమే?" అంది అమ్మ. పైకి వెళ్లేకొద్దీ నేల అడుగున ఏడాది పొడవునా మంచు గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో పై పొర మెత్తబడి పట్టాలు కుంగుతాయి. అందుకే రైలు అంత నిదానం. 2017లో వరదలకు పట్టాలు కొట్టుకుపోతే మరుసటి ఏడాది చివరిదాకా చర్చిల్‌కు రైలే లేదట. పట్టాల పక్కన పాత టెలిగ్రాఫ్ స్తంభాలు చూసి ఆశ్చర్యపోయాను. ఆ నేలలో ఒంటి స్తంభం నిలవదని మూడు కర్రలు కలిపి కట్టి, ముక్కాలిపీటలా నిలబెట్టారు.

నేను మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఆ అడవి గురించి కాదు. ఆ రెండో రోజు పొద్దున్న కళ్లు తెరిచేసరికి పక్క వరుసలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. రాత్రి ఏదో స్టేషన్‌లో ఎక్కినట్టున్నారు. అరవై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు జడ వేసుకున్నారు. మా అమ్మకు ఇంగ్లీష్ రాదు. అయినా నేను మొహం కడుక్కుని వచ్చేలోపే ఇద్దరూ నవ్వుకుంటున్నారు. అమ్మ పులిహోర డబ్బా తీసి, పేపర్ ప్లేట్‌లో పెట్టి, "తీసుకోండి వదినగారూ" అంటూ అచ్చ తెలుగులో అందించింది. ఆవిడ తిన్నారు. మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వారు. తర్వాత తన సంచిలోంచి ఇంట్లో చేసిన మందపాటి రొట్టె తీసి మాకు తుంచి ఇచ్చారు. దాన్ని బానక్ అంటారట. "మన దిబ్బరొట్టెలా ఉందే!" అంది అమ్మ.

నేను మాట కలిపాను. "మీరు ద పాస్‌లో ఎక్కారా?" అని అడిగాను. "పా. ద పా. చివర ఎస్ పలకం" అని నవ్వి, నా చేత రెండుసార్లు అనిపించారు. ఇంగ్లీష్ టీచర్ని, బోర్డు మీద ఊరి పేరు తప్పు చదివాను. ఆవిడ దిద్దారు, అంతటితో వదిలేశారు. అప్పుడు నాకది పెద్ద విషయంగా తోచలేదు.

ఆవిడది క్రీ జాతి. యూరప్ వాళ్లు రావడానికి చాలా ముందునుంచీ ఆ అడవుల్లో ఉన్న ప్రజలు. నమస్కారానికి వాళ్ల మాట "టాన్‌సీ". అమ్మ చటుక్కున నేర్చేసుకుంది. వాళ్ల లిపి గురించి అడిగితే పేపర్ న్యాప్‌కిన్ మీద రాసి చూపించారు. ఒక గుర్తు, బాణం మొనలాంటిది. మొన పైకి ఉంటే "పి", కిందికి ఉంటే "పె", కుడివైపు తిప్పితే "పొ", ఎడమవైపు తిప్పితే "ప". హల్లు ఒకటే, గుర్తు తిరిగే దిక్కును బట్టి అచ్చు మారుతుంది. 1840లో ఉత్తర మానిటోబాలోని నార్వే హౌస్ అనే చోట ఈ లిపి అచ్చులోకి వచ్చింది. నేను వాటి కింద మన ప, పి, పె, పొ రాశాను. "వీళ్లకూ గుణింతాలున్నాయే!" అని అమ్మ ఒకటే సంబరం.

"ఇవి మీరు చిన్నప్పుడే నేర్చుకున్నారా?" అని అడిగాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూశారు. యాభై దాటాక నేర్చుకున్నానని చెప్పారు.

వాళ్ల అమ్మను ఏడేళ్లప్పుడు రెసిడెన్షియల్ స్కూల్‌కు తీసుకెళ్లారట. ఆ బళ్ల గురించి నాకు అప్పటిదాకా ఏమీ తెలియదు. తర్వాత అక్కా నేనూ కూర్చుని చదివాం. ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిల చేత వందేళ్లకు పైగా నడిపించిన బళ్లు అవి. ఆదివాసీ పిల్లలను దాదాపు 1,50,000 మందిని ఇళ్లనుంచి దూరం చేసి వాటిలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్షలు వేసేవాళ్లు. ఎందరో పిల్లలు తిరిగి ఇల్లు చేరలేదు. చివరి బడి మూతపడింది 1990లలో. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2021 నుంచి సెప్టెంబర్ 30ని ఆ పిల్లల జ్ఞాపకార్థం జాతీయ దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు చాలామంది ఆరెంజ్ రంగు చొక్కా వేసుకుంటారు.

"మా అమ్మ నాకు వంట నేర్పింది, కుట్టుపని నేర్పింది. భాష మాత్రం నేర్పలేదు. నేనూ దెబ్బలు తింటానని భయం" అన్నారావిడ. "మా అమ్మమ్మకు ఇంగ్లీష్ రాదు. ఆవిడతో మాట్లాడటానికి నా దగ్గర మాటలు లేవు. ఊరికే పక్కన కూర్చునేదాన్ని."

అమ్మ "ఏమంటోందే?" అని అడిగింది. తెలుగులో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. మిగిలిన పులిహోర అంతా డబ్బాతో సహా ఆవిడ సంచిలో పెట్టింది. థాంప్సన్ స్టేషన్‌లో ఆవిడ దిగేటప్పుడు అమ్మ నాతో, "పోతున్నా అనకూడదు, వెళ్లొస్తా అనాలని చెప్పవే" అంది. చెప్పాను. "మా భాషలోనూ అంతే" అని నవ్వి దిగిపోయారు.

రైలు అక్కడ కొన్ని గంటలు ఆగింది. ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే నాకు నా క్లాసులోని ఎర్ర అట్టముక్క గుర్తొచ్చింది.

మీలో కొందరికి దాని సంగతి తెలుసు. క్లాసులో ఎవరు తెలుగు మాట్లాడితే వాళ్ల చేతికి ఆ అట్ట ఇస్తాను. ఇంకొకరు తెలుగు మాట్లాడుతూ దొరికేదాకా అది వాళ్ల దగ్గరే ఉండాలి. సాయంత్రానికి ఎవరి దగ్గర మిగిలితే వాళ్లు పది వాక్యాలు ఎక్కువ రాయాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే. నన్నెవరూ పెట్టమనలేదు. పిల్లలకు ఇంగ్లీష్ తొందరగా వస్తుందనే పెట్టాను.

పోయిన ఏడాది ఆ అట్ట ఎక్కువసార్లు ఒకే బాబు దగ్గర మిగిలేది. కొన్నాళ్లకు మిగలడం మానేసింది. ఇంగ్లీష్ వచ్చి కాదు, వాడు అసలు మాట్లాడటమే మానేశాడు. పీటీఎంకు వాళ్ల నానమ్మ వచ్చారు. "ఇంటికొచ్చాక కూడా గమ్మునుంటున్నాడు టీచరమ్మా. నేను పలకరిస్తే, నీకు ఇంగ్లీష్ రాదుగా అంటున్నాడు" అన్నారు. నేను ఏం జవాబిచ్చానో తెలుసా? "మంచిదేనండీ, ప్రాక్టీస్ అవుతుంది" అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయారు.

రెండూ ఒకటేనని నేను అనడం లేదు. అక్కడ పిల్లలను బలవంతంగా లాక్కెళ్లారు. ఇక్కడ మీరు ప్రేమతో, కష్టపడి ఫీజు కట్టి పంపిస్తున్నారు. కానీ నానమ్మ పక్కన మాటల్లేకుండా కూర్చునే మనవడిని తయారుచేయడానికి అంత పెద్ద అన్యాయమేమీ అక్కర్లేదు, ఒక అట్టముక్క చాలు అని నాకు అక్కడ తెలిసింది.

మూడో రోజు చర్చిల్ చేరాం. ఆ ఊరు ధ్రువపు ఎలుగుబంట్లకు పేరు. మాకు ఒక్కటీ కనిపించలేదు. అఖాతం ఇంకా గడ్డకట్టే ఉంది, అవన్నీ ఆ మంచు మీద సీల్‌ల వేటలో ఉంటాయట. అక్కడ చాలామంది కార్లకు తాళం వెయ్యరు. ఎలుగుబంటి ఎదురైతే ఎవరైనా సరే ఏ కారులోనైనా దూరవచ్చు. గాలికి చెట్ల కొమ్మలు ఒకవైపే పెరిగాయి. రాత్రి దాదాపు పదింటిదాకా వెలుతురు. అమ్మ శాలువా కప్పుకుని, తెల్లగా పరుచుకున్న ఆ సముద్రాన్ని చాలాసేపు చూసి, "మీ నాన్న కూడా ఉంటే బావుండేది" అంది. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే గుర్తున్న మాట అదే. అమ్మ దాన్ని ఇంకే భాషలో అన్నా నాకు అంతగా తాకేది కాదు.

జూన్‌లో స్కూల్ తెరిచాక మొదటి పని ఆ అట్ట చించేయడం. పిల్లల ముందే చించి, "ఇది టీచర్ చేసిన తప్పు" అని చెప్పాను. ఇప్పుడు ఇంగ్లీష్ పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు ఒక సంగతి చెప్పాలి. తర్వాత అందరం కలిసి దాన్ని ఇంగ్లీష్‌లోకి తెస్తాం. ఆ బాబు రెండో వారం లేచాడు. వాళ్ల తాతయ్య గేదె వానలో తప్పిపోయి, మర్నాడు తనంతట తనే ఇంటికొచ్చిన కథ తెలుగులో గడగడా చెప్పాడు. తర్వాత బోర్డు దగ్గర నిలబడి, "మై తాతయ్య బఫెలో కమ్ హోమ్ అలోన్" అన్నాడు. నేను "కేమ్" అన్నాను. వాడూ "కేమ్" అన్నాడు. అంతే, వదిలేశాను.

వాడి ఇంగ్లీష్ ఒక్కసారిగా పెరిగిపోయిందని చెప్పను. సగం వాక్యాలు ఇంకా తప్పులే. కానీ వాడు మాట్లాడుతున్నాడు. వాళ్ల నానమ్మకు ఫోన్ చేసి, ఆ రోజు నేనన్న మాట తప్పని చెప్పుకున్నాను.

"మేం ఫీజు కట్టేది ఇంగ్లీష్ కోసమే కదా టీచర్" అని మీరు అనవచ్చు. నిజమే. నేర్పిస్తాను, అది నా ఉద్యోగం. ఆ పెద్దావిడ కథ నాకు తెలిసింది కూడా ఇంగ్లీష్ వచ్చు గనకే. అయితే ఆ కథ విని నేను అమ్మకు చెప్పగలిగానంటే, నా దగ్గర తెలుగు మిగిలి ఉండబట్టే. మన పిల్లలకు రెండూ కావాలి.

మీకు నాదొక్కటే విన్నపం. రాత్రి భోజనాల దగ్గర మీ బాబు, మీ పాప ఏదైనా చెప్పబోతే, "ఇంగ్లీష్‌లో చెప్పు" అని ఆపకండి. పూర్తిగా చెప్పనివ్వండి. ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ ఉంటే వాళ్లకు చెప్పమనండి. ఊళ్లో ఉంటే ఫోన్ కలిపి ఇవ్వండి. మర్నాడు అదే సంగతి నాకు క్లాసులో చెప్పమనండి. దాన్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చే పని నాది.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్